ఆయన ‘మరణించారు’... మా నాన్న ‘మరణించాడు’!

చీరాల: నిరుడు వేసవిలో ఒకే రోజున రెండు చావు వార్తలు పంపాను. మొదటిది 216వ నంబరు జాతీయ రహదారి మీద జరిగిన ప్రమాదం. నూలు మూట సైకిలుకు కట్టుకుని వస్తున్న ఒక చేనేత కార్మికుణ్ణి వెనకనుంచి లారీ గుద్దింది. ప్రాణం అక్కడికక్కడే పోయింది. రెండవది పట్టణంలో ఒక బట్టల వ్యాపారి గుండెపోటుతో కన్నుమూయడం. మర్నాడు రెండు వార్తలూ పక్కపక్కనే అచ్చయ్యాయి. అంతటితో నేను వాటి సంగతి మరచిపోయాను.

నాలుగు రోజుల తర్వాత గడియార స్తంభం దగ్గర టీ కొట్టులో ఉండగా, చొక్కా జేబులో పేపరు మడిచి పెట్టుకుని ఒకాయన వచ్చారు. ప్రమాదంలో పోయిన కార్మికుని కుమారుడు. మనిషికి నా వయసే ఉంటుంది. కోపంగా లేరు. పేపరు విప్పి బల్లమీద పరిచి, ఈ రెండూ మీరు రాసినవేనా సార్ అని అడిగారు. అవునన్నాను.

“మా నాన్నకు అరవై నాలుగేళ్లు. ఆ షావుకారు గారికి యాభై. ఆయనేమో ‘మరణించారు’, మా నాన్నేమో ‘మరణించాడు’. చావులో కూడా తేడా ఎట్టా వచ్చింది సార్?”

వాడుక అట్లా ఉందని ఏదో చెప్పాను. ఆ వాడుక ఎవరిదని ఆయన అడగలేదు. నా టీ డబ్బులు కూడా తనే ఇచ్చి వెళ్లిపోయారు. అడిగి ఉంటే బాగుండేదని ఆనాటి నుంచీ అనిపిస్తూనే ఉన్నది. ఆ ప్రశ్న పట్టుకుని చీరాల, వేటపాలెం, బాపట్ల, తెనాలి వైపు తిరిగినప్పుడల్లా అర్జీలు రాసేవాళ్లనూ, అచ్చాఫీసు వాళ్లనూ, విశ్రాంత తెలుగు మేష్టర్లనూ, మగ్గం గుంటల్లో కూర్చున్నవాళ్లనూ అడిగి తెలుసుకున్న సంగతులే ఇవి.

మెట్ల మీద మనిషి

ఇంగ్లీషులో జిల్లా కలెక్టరును పిలిచినా, కలెక్టరాఫీసు బంట్రోతును పిలిచినా ‘యూ’ ఒక్కటే. ఎదుట లేనప్పుడు ఇద్దరూ ‘హీ’లే. తెలుగులో అట్లా కుదరదు. మనిషి పేరెత్తి ఒక్క వాక్యం ముగించాలన్నా ముందు ఆ మనిషిని ఏదో ఒక మెట్టు మీద నిలబెట్టాలి. వాడు, అతను, ఆయన, వారు అని నాలుగు మెట్లు. ఎదురుగా ఉంటే నువ్వు, మీరు, తమరు. వీటికి తోడు ‘రా’, ‘వే’, ‘అయ్యా’, ‘అమ్మా’, ‘అండీ’ అనే తోకలు. ‘ఏం’ అన్న ఒక్క చిన్న మాట ‘ఏరా’, ‘ఏమే’, ‘ఏమయ్యా’, ‘ఏమ్మా’, ‘ఏమండీ’ అని ఎన్ని రూపాలు ఎత్తుతుందో చూడండి. మొగుడూ పెళ్లాలు పేర్లు పెట్టి పిలుచుకోని కాలంలో ‘ఏమండీ’యే ఆయన పేరు, ‘ఏమేవ్’ ఆమె పేరు. ఆ రెండింటిలో ‘అండీ’ ఎవరికి దక్కిందో వేరే చెప్పనక్కరలేదు.

ఆడవారి సంగతి ఇంకా చిత్రం. వాడు వచ్చాడు అన్నట్టు ఆడమనిషికి విడిగా క్రియ లేదు. కోడలు వచ్చింది, గేదె వచ్చింది, వాన వచ్చింది. మూడింటికీ ‘వచ్చింది’ ఒకటే. ‘అది’ అనే మాట వస్తువుకూ, పశువుకూ, ఆడమనిషికీ ఉమ్మడి ఆస్తి. ఇది మన భాష వ్యాకరణమేనని, ఇందులో అగౌరవం వెతకరాదని తెనాలిలో ఒక పెద్ద మేష్టారు నాకు నచ్చజెప్పారు. నిజమే కావచ్చు. అయితే ఆ గేదె నుంచి తప్పించుకుని ‘వచ్చారు’ దాకా ఎక్కాలంటే ఆడమనిషికి ఉద్యోగమో, వయసో, డబ్బో ఏదో ఒకటి కావలసి వస్తున్నది. మా మండలంలో మహిళా అధికారులు ‘వచ్చారు’. వారి ఆఫీసు ఊడ్చే ఆమె ‘వచ్చింది’.

ఇంతమాత్రాన ఏకవచనమంటే అవమానమేనని అనుకోరాదు. ‘దేవుడా, నువ్వే దిక్కు’ అంటాం గాని, ‘దేవుడు గారూ, మీరే దిక్కు’ అనం. అమ్మను ‘నువ్వు’ అంటాం. చిన్ననాటి స్నేహితుణ్ణి ‘ఒరే’ అంటే వాడు మురిసిపోతాడు. ‘మీరు’ అన్నామో, ఏమిట్రా కోపమొచ్చిందా అంటాడు. గుంటూరు సీమలో ‘మా నాన్న వచ్చాడు’ అనే కొడుకుకు తండ్రి మీద గౌరవం తక్కువేమీ కాదు. టీ కొట్టుకు వచ్చినాయన కూడా తన ఇంట్లో ‘నాన్న పోయాడు’ అనే చెప్పుకుని ఉంటారు. ఇంట్లోవాళ్లు అంటే ప్రేమ. పేపరు అంటే అది వేరు. పేపరుకు ఆయన కొడుకు కాదు గదా!

వేటపాలెంలో ఒక నేత కార్మికుడు నాకు చెప్పిన పరీక్ష బాగుంది. ‘రా’ అన్న మనిషిని తిరిగి ‘రా’ అనగలవా? అనగలిగితే చనువు. అనలేకపోతే అది ఇంకొకటి. ఆ ఇంకొకదానికి ఆయన పేరు పెట్టలేదు.

శుభలేఖల మీద చిన్న అక్షరాలు

మాఘమాసం వచ్చిందంటే మన అచ్చాఫీసుల్లో కాలు పెట్టడానికి చోటుండదు. శుభలేఖల మీద పేరుకు ముందు చుక్కలతో ఉండే చిన్న అక్షరాలను నేటి పిల్లలు చాలామంది చదవగలరు గాని అర్థం చెప్పలేరు. పెళ్లికొడుక్కి ‘చి.’ అంటే చిరంజీవి. పెళ్లికూతురుకు ‘చి.ల.సౌ.’ అంటే చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి. సౌభాగ్యవతి అంటే భర్త ఉన్న స్త్రీ. తాళి ఇంకా పడకముందే ఆ మాట వేయడం ఏమిటని అడిగే చాదస్తులు పూర్వం ఉండేవారట. ‘కీ.శే.’ అంటే కీర్తి మాత్రమే మిగిలినవారు, కీర్తిశేషులు. క్రైస్తవుల కార్డులో పాస్టరు గారి పేరుకు ముందు ‘రెవ.’, ముస్లింల కార్డులో పెద్దల పేర్లకు ముందు ‘జనాబ్’ ఉంటాయి. పాత ఉత్తరాలు తిరగేస్తే ‘మ.రా.రా.శ్రీ’ కనిపిస్తుంది. మహారాజ రాజశ్రీ అన్నమాట. సెంటు భూమి లేని గుమాస్తా పేరుకు ముందు కూడా ఇద్దరు రాజులు. 1918లో వేటపాలెంలో నెలకొల్పిన సారస్వత నికేతనం పాత పత్రికల సేకరణకు పేరుపడ్డది. ఆనాటి పత్రికలు చూస్తే ‘శ్రీయుత’, ‘మ.రా.రా.శ్రీ’ లేకుండా పెద్దమనిషి పేరు దొరకడం కష్టం. మామూలు మనుషుల పేర్లు దొరకడం ఇంకా కష్టం!

ఈ చిన్న అక్షరాల్లో అన్నిటికంటే బరువైనవి ‘గం.భా.స.’. గంగా భాగీరథీ సమానురాలు. చెవికి ఎంత పవిత్రంగా ఉన్నదో! భర్త పోయిన స్త్రీ అని లోకానికి చాటింపు వేయడానికి వాడే మాట అది. భార్య పోయిన మగవాడికి ఇటువంటి గుర్తు ఏదీ లేదు. ఆయన అప్పుడూ ‘శ్రీ’యే, ఇప్పుడూ ‘శ్రీ’యే.

చీరాలలో ముప్పయ్యేళ్లుగా అచ్చుపని చేస్తున్న ఒకాయన ఈ సంగతి చెప్పారు. సీసపు అక్షరాల కాలంలో ‘గం.భా.స.’ ఒక కట్టగా కట్టి పక్కన పెట్టుకునేవారట, విడివిడిగా ఏరే పని లేకుండా. కంప్యూటరు వచ్చిన తర్వాత ఒకనాడు, కూతురి పెళ్లికి కార్డు వేయించుకోవడానికి ఒక తల్లి వచ్చింది... వచ్చారు. (అలవాటు అంత తేలిగ్గా పోదు.) మరిది రాసి ఇచ్చిన కాగితంలో ఆమె పేరుకు ముందు ‘గం.భా.స.’ ఉన్నది. ఆమె కలం అడిగి తీసుకుని ఆ మూడు అక్షరాలూ కొట్టేసి ‘శ్రీమతి’ అని రాశారట. వెంట వచ్చిన పెద్దమనిషి, శుభకార్యంలో అది పద్ధతి కాదమ్మా అన్నారట. “మగ్గం నేసి పిల్లను పెంచినప్పుడు పద్ధతి ఎవరూ అడగలేదు గదా బావగారూ” అని ఆమె అన్నారట. కార్డు ‘శ్రీమతి’తోనే వెళ్లింది. ఆ తర్వాత ఆ వీధి నుంచి వచ్చిన కార్డుల్లో తాను ‘గం.భా.స.’ వేసింది చాలా తక్కువని అచ్చాఫీసాయన అంటున్నారు. ‘శ్రీమతి’ అంటే శ్రీ గల స్త్రీ అనే గాని, మాటలో మొగుడి ప్రసక్తి ఎక్కడా లేదు.

ఉద్యోగాలు పోయినా పిలుపులు పోని సంగతి మన ఊళ్లలో అందరికీ తెలిసిందే. వంశపారంపర్యంగా వచ్చే కరణం, మునసబు పదవులను 1984లో రాష్ట్ర ప్రభుత్వం రద్దు చేసింది. నలభై ఏళ్లు దాటినా, ఇల్లు చూపించేటప్పుడు ‘కరణం గారిల్లు’ అనే అంటున్నారు. తహశీల్దారు 1985లో మండల రెవెన్యూ అధికారి అయి, మళ్లీ తహశీల్దారు అయ్యారు. అర్జీలు రాసేవారు మాత్రం ‘దివ్యసముఖమునకు’ అన్న మాట నిన్నమొన్నటి దాకా వదల్లేదు. ఇక ‘మేష్టారు’ సంగతి చెప్పాలంటే బడి మేష్టారు, హార్మోనియం మేష్టారు, కుట్టుపని మేష్టారు అందరికీ సరిపోయింది. ఇప్పుడు అన్నిటినీ ‘సార్’ మింగేసింది. ‘సార్ గారు’ అనేవారు కూడా ఉన్నారు. ఒక గౌరవం చాలదని రెండోది తగిలించడం కాబోలు.

గెజిట్‌లో పడని బిరుదు

పిలుపుల మాట వచ్చినప్పుడు చీరాలవాళ్లు మొదట తలచుకోవలసిన పేరు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారిది. పేరు కంటే ముందు ‘ఆంధ్రరత్న’ నోటికి వస్తుంది. వారిది కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో 1889 నాటి పుట్టుక, ఎడింబరోలో పై చదువు. 1919లో నాటి మద్రాసు ప్రభుత్వం చీరాల పేరాలను మునిసిపాలిటీ చేయ తలపెట్టింది. యూనియన్‌గా ఉన్నప్పుడు ఏడాదికి 4,000 రూపాయలుండిన పన్ను 40,000 దాకా పోతుందని లెక్క తేలింది. నేతపని మీద బతికే ఊరు అంత బరువు మోయలేమన్నది. 1921 ఏప్రిల్‌లో గాంధీజీ చీరాల వచ్చినప్పుడు, ఊరే ఖాళీ చేసిపోతే మునిసిపాలిటీ ఎవరి మీద నడుస్తుందన్న మార్గం కూడా చెప్పారు. గోపాలకృష్ణయ్య గారు, ఆయన రామదండు ఆ పనికి పూనుకున్నారు. పదిహేను వేల జనాభాలో పదమూడు వేల మంది దాకా ఇళ్లు వదిలి ఊరి వెలుపల పాకలు వేసుకుని, ఆ చోటుకు రామనగర్ అని పేరు పెట్టుకుని, దాదాపు పదకొండు నెలలు ఎండకూ వానకూ ఓర్చి ఉన్నారు. గోపాలకృష్ణయ్య గారు జైలుకు వెళ్లారు. 1928లో, నలభై నిండకుండానే కన్నుమూశారు.

ఆనాటి ప్రభుత్వం దగ్గర కూడా బిరుదులు చాలా ఉండేవి. రావు సాహెబు, రావు బహదూరు, దివాన్ బహదూరు, ముస్లింలకు ఖాన్ బహదూరు. ఆ బిరుదుకు సన్నదు, పతకం ఇచ్చేవారు. పేర్లు గెజిట్‌లో పడేవి. స్థానిక పరిపాలన శాఖ మంత్రిగా చీరాల వ్యవహారం చూసినవారి పిలుపు పానగల్లు రాజా. సరిగ్గా ఆ రోజుల్లోనే దేశమంతటా బిరుదులు తిరిగి ఇచ్చే ఉద్యమం నడుస్తున్నది. 1919లో జలియన్‌వాలాబాగ్ కాల్పుల తర్వాత రవీంద్రనాథ్ ఠాగూర్ తన ‘సర్’ బిరుదు వదులుకున్నారు. 1920లో గాంధీజీ ప్రభుత్వం ఇచ్చిన పతకాలు వాపసు చేశారు. సహాయ నిరాకరణ కార్యక్రమంలో బిరుదులు వదలడం కూడా ఒకటి.

చిత్రమేమంటే సర్కారు బిరుదులు వదలమన్న ఆ ఉద్యమమే జనం బిరుదులను పుట్టించింది. కొండా వెంకటప్పయ్య గారు ‘దేశభక్త’, కాశీనాథుని నాగేశ్వరరావు గారు ‘దేశోద్ధారక’, టంగుటూరి ప్రకాశం గారు ‘ఆంధ్రకేసరి’. వీటికి సన్నదులు లేవు. ఆ రావు బహదూర్లలో ఎంతమంది పేర్లు మనకు ఇవాళ నోటికి వస్తాయి? ఆంధ్రరత్న మాత్రం విజయవాడలో భవనం మీద కూడా ఉన్నది. ప్రకాశం గారి పేరు జిల్లాకే పెట్టారు. 1970 నుంచి 2022లో బాపట్ల జిల్లా ఏర్పడేదాకా చీరాల ఆ జిల్లాలోనే ఉండేది. ఆ జిల్లా పేరులో ‘కేసరి’ లేదు, ‘గారు’ కూడా లేదు. ఒట్టి ప్రకాశం. ఎవరికీ అగౌరవంగా తోచలేదు.

తెనాలి వైపు బిరుదులకు కొరత ఎప్పుడూ లేదు. ఎటునుంచి చదివినా ఒకటిగా ఉండే ‘వికటకవి’ తెనాలి రామకృష్ణుడిదని చిన్నపిల్లలకూ తెలుసు. తెనాలి మునిసిపల్ చైర్మన్‌గా చేసిన త్రిపురనేని రామస్వామి గారు ‘కవిరాజు’. సినిమాల్లోకి వెళ్లిన కొంగర జగ్గయ్య గారు ‘కళావాచస్పతి’. బుర్రిపాలెం కృష్ణ గారు ‘సూపర్‌స్టార్’. 2022లో ఆయన పోయినప్పుడు అభిమానులు మాత్రం ‘మా కృష్ణ పోయాడు’ అనే ఏడ్చారు. వేటపాలెం మనిషి చెప్పిన పరీక్షకు అది ఇంకో జవాబు.

స్వాతంత్ర్యం వచ్చాక రాజ్యాంగం 18వ అధికరణం బిరుదుల్ని తీసేసింది. సైనిక, విద్యా సంబంధమైనవి తప్ప ప్రభుత్వం ఎవరికీ బిరుదు ఇవ్వరాదు. 1954 నుంచి ఇస్తున్న భారతరత్న, పద్మ పురస్కారాలు మరి బిరుదులు కావా అని కొందరు కోర్టుకు వెళ్లగా, అవి పురస్కారాలే గాని బిరుదులు కావని, పేరుకు ముందు గాని వెనక గాని తగిలించుకోరాదని సుప్రీంకోర్టు 1995 డిసెంబరులో తీర్పు చెప్పింది. మన ఫ్లెక్సీ బోర్డులు వేసేవారికి ఈ తీర్పు ఇంకా చేరినట్టు లేదు.

పేరులోని ‘అయ్య’ను కోసేస్తే

పైనున్న బిరుదుల్ని రాజ్యాంగం తీసేసింది సరే. కిందనున్న ‘రా’ను ఎవరు తీయాలి?

మన పేర్లలోనే గౌరవం కలిపి పెట్టడం తెలుగువారి పాత అలవాటు. సుబ్బయ్యలో ‘అయ్య’ ఉన్నది. వెంకమ్మలో ‘అమ్మ’ ఉన్నది. పేదవాడైనా, గొప్పవాడైనా తల్లిదండ్రులు బిడ్డకు పేరు పెట్టేటప్పుడే లోకం ఎట్లా పిలవాలో కూడా చెప్పి పెట్టారన్నమాట. ఆ తోకను కోసేసి, సుబ్బయ్యను ‘సుబ్బిగాడు’, వెంకమ్మను ‘ఎంకి’ చేయడం ఊరి పెత్తందార్లకు వచ్చిన విద్య. ‘గారు’కూ ‘గాడు’కూ మధ్య ఉన్నది ఒక్క అక్షరం తేడా. ఆ ఒక్క అక్షరం దాటడానికి కొందరికి తరాలు పట్టింది. పాలేరుగా చేసి ముసలివాడైన మనిషిని ఆసామి ఇంటి పదేళ్ల పిల్లవాడు పేరు పెట్టి ‘ఒరే’ అనడం, ఆ ముసలాయన ‘అయ్యా’ అని బదులు పలకడం మన పెద్దలందరూ కళ్లతో చూసినదే.

పల్లెల్లో వరసలు కలుపుకోవడం గొప్ప సంగతని రాస్తూ ఉంటాం. కులం వేరైనా బాబాయి, మామ, వదిన, అత్త అని పిలుచుకోవడం ఇప్పటికీ ఉన్నది. జాండ్రపేటలో నేను ఎవరి మగ్గం దగ్గర కూర్చున్నా రెండు నిముషాల్లో ఏదో వరస తగులుతుంది. కానీ ఆ వరసల దారి వాడ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయేది. మాల మాదిగ పెద్దలను మామా అని పిలిచిన ఆసామి బిడ్డలు ఎంతమంది? అక్కడ పేరే. అదీ కోసిన పేరు. లేకపోతే కులం పేరు.

చీరాలకు కూతవేటు దూరంలో ఉన్న కారంచేడులో 1985 జూలై 17న ఏం జరిగిందో ఈ ప్రాంతంలో చెప్పనక్కరలేదు. మంచినీళ్ల చెరువు దగ్గర కుడితి బక్కెట్లు కడగవద్దని ఒక దళిత కుర్రవాడు అనడం, అతణ్ణి కొట్టబోతే ఒక దళిత స్త్రీ చేతిలోని బిందె అడ్డు పెట్టడం. మర్నాటి దాడిలో ఆరుగురు దళితులు చనిపోయారు. బతికినవారు చీరాలకు వచ్చి తలదాచుకున్నారు. దళిత మహాసభ పుట్టింది ఆ శిబిరాల వేడిలోనే. 1991 ఆగస్టు 6న తెనాలి దగ్గర చుండూరులో ఎనిమిది మందిని చంపారు. ఇవి పిలుపుల తగాదాలు కావు. కానీ ఆనాడు శిబిరంలో ఉండి, ఇప్పుడు చీరాలలోనే స్థిరపడిన ఒక పెద్దాయనను, ఊళ్లో ఉన్నప్పటికీ ఇప్పటికీ ఏం మారిందని అడిగితే, ఇల్లు గురించి గాని కూలి రేటు గురించి గాని ముందు చెప్పలేదు. “ఇక్కడ నన్నెవరూ ‘ఏరా’ అనరు” అన్నారు. కాసేపటికి, “కొట్టువాళ్లు ‘ఏం కావాలి పెద్దాయనా’ అంటారు” అని కూడా అన్నారు.

ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. పదిమంది చూసే చోట ఎస్సీ, ఎస్టీ వ్యక్తిని కావాలని అవమానించడం దాని ప్రకారం నేరం. కులం పేరుతో దూషించడాన్ని విడిగా పేర్కొంటూ 2015లో సవరణ చేశారు. అది 2016 జనవరి 26 నుంచి అమలులో ఉన్నది. చట్టం అక్కడిదాకా వచ్చింది. పెద్దవయసు మనిషి పేరుకు ‘గారు’ పెట్టి తీరాలని అందులో రాయలేదు, రాయడం కుదిరే పని కూడా కాదు.

మళ్లీ వార్త దగ్గరికి

ఇంతా తిరిగి వచ్చి నా పాత వార్తలు తీసి చూసుకున్నాను. సర్పంచ్ ‘అన్నారు’. రైతు సంఘం నాయకుడు ‘డిమాండు చేశారు’. కూలీ ‘వాపోయాడు’. నష్టపోయిన కౌలు రైతు ‘కన్నీటి పర్యంతమయ్యాడు’. పిడుగుపడి చనిపోయిన గొర్రెల కాపరి ‘మృతి చెందాడు’, పరామర్శకు వచ్చిన నాయకులు ‘సానుభూతి తెలిపారు’. ఒకే వార్తలో, ఒకే శవం చుట్టూ. ఇవి నాకు ఎవరూ నేర్పలేదు. కలం దానంతటది రాసుకుపోయింది.

అప్పటి నుంచీ చనిపోయినవారెవరైనా ‘మరణించారు’ అనే పంపుతున్నాను. ఇందులో చిక్కులు లేకపోలేదు. ‘లారీ ఢీకొని మరణించారు’ అంటే ఒకరా, ఇద్దరా అని డెస్కు నుంచి ఫోను వస్తుంది. మొదటే ‘ఒకరు’ అని రాయాలి. పదిహేనేళ్ల కుర్రవాడు కాలవలో పడి పోతే ‘మరణించారు’ అనడం నాకే ఎబ్బెట్టుగా ఉంటుంది. అక్కడ ‘డు’ ఉంచుతాను. దొంగతనం కేసులో పట్టుబడ్డవారిని ఏమనాలో ఇంకా తేల్చుకోలేదు. నేరం రుజువు కాకముందే ‘పట్టుబడ్డాడు’ అని మర్యాద తీసేయడానికి మనమెవరం? కోట్ల రూపాయల కేసుల్లో పట్టుబడినవారిని మాత్రం ‘అరెస్టు చేశారు, ఆయన ఖండించారు’ అనే రాస్తున్నాం గదా!

మొన్న ఆ చేనేత కార్మికుని సంవత్సరీకం జరిగింది. కుమారుడు వచ్చి వర్ధంతి కాగితం ఇచ్చారు. చిన్న ఫొటో. కింద ‘కీ.శే.’ అని, పేరు చివర ‘గారు’ అని ఉన్నది. అదే టీ కొట్టు. కూర్చోండి అన్నాను. ఆయన నిలబడే నవ్వారు.

“నిరుడు మీరు ‘కూర్చో’ అన్నారు సార్” అన్నారు.

నాకు ఆ సంగతి గుర్తులేదు. ఆయనకు ఉన్నది. తర్వాత కూర్చున్నారు. ఈసారి టీ డబ్బులు నేను ఇవ్వబోతే పడనివ్వలేదు.